నీలం రంగు మూల

మా ఆయన పదిహేను రోజులు నాతో గొడవ పడలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అంత మర్యాద నేనెన్నడూ చూడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా "బాగుంది" అనేవారు. నాకు అసలు భయం పట్టుకుంది అందుకే.

తలనొప్పి ఎంతకీ తగ్గడం లేదని ఏలూరు వెళ్లి స్కాన్ తీయిస్తే, మెదడులో ఒక రక్తనాళం గోడ పల్చబడి మినపగింజంత ఉబ్బిందని తేలింది. చాలామందికి అది అలాగే ఉండిపోతుందట, కొందరికి పగులుతుందట. డాక్టరుగారు ఆ తర్వాత ఏం చెప్పారో నా చెవికెక్కలేదు. కలిదిండి దగ్గర చేపల చెరువులు చేసే మా ఆయన మాత్రం ఒక్కటే అడిగారు.

"గండి పడుద్దాండీ?"

"అది తెలుసుకోడానికే ఇంకో పరీక్ష" అన్నారు డాక్టరుగారు. స్కాన్ బొమ్మల్ని బట్టి నా రక్తనాళాన్ని కంప్యూటర్లో ఉన్నదున్నట్టు తయారుచేసి, అందులో రక్తం పారించి చూస్తారట. అది వచ్చాక, తల తెరిచి ఆపరేషన్ చేయాలో వద్దో చెబుతామన్నారు.

ఆ పదిహేను రోజులూ మా ఇంట్లో 'పగలడం' అన్న మాట లేదు. గాజుగ్లాసు చెయ్యిజారి ముక్కలైతే "పోయిందిలే" అన్నారాయన. నేను బీరువా తాళాలు, ఊరగాయ జాడీలు ఎక్కడున్నాయో ఆయనకు చూపించాను. మామూలుగా అయితే విసుక్కునేవారు. అప్పుడు మాత్రం చెప్పినవన్నీ బుద్ధిగా విని తలూపారు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఫలితం చెప్పే రోజు డాక్టరుగారు కంప్యూటర్ తెర మా వైపు తిప్పారు. చిన్న సంచీలాంటి బొమ్మ, అందులో తిరిగే చుక్కలు. సంచీ మూతి దగ్గర ఎర్రటి మరక కనబడగానే నా పని అయిపోయిందనుకున్నాను. కైకలూరు హైస్కూల్లో ఇన్నేళ్లుగా ఎర్రసిరాతో పేపర్లు దిద్దినదాన్ని. ఎరుపంటే తప్పే నాకు.

మా ఆయన చూపు వేరే చోట ఉంది.

"ఆ నీలం మూల సంగతేంటండీ?"

"అక్కడ రక్తం నెమ్మదిగా కదులుతోందండి."

"నా భయం కూడా అదేనండీ. కొత్త చెరువులో మేం గుప్పెడు తవుడు జల్లి చూస్తాం. తవుడు కదలకుండా నిలబడిపోయిన మూలే మమ్మల్ని ముంచుద్ది, అక్కడ చేపలకి గాలందదు. అక్కడ నీళ్లు చిలికే ఏరేటర్ పెట్టేస్తామండీ."

నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు.

"మంచి ప్రశ్నే అడిగారు. మేమూ ఆ మూలనే చూస్తాం. అమ్మా, ఎరుపు చూసి కంగారుపడకండి, అక్కడ రక్తం వేగంగా పోతోందని మాత్రమే దాని అర్థం. నీలం మూల మీకు చాలా చిన్నది. రక్తం అక్కడ నిలబడిపోవడం లేదు, ఒక చుట్టు తిరిగి బయటికి వెళ్లిపోతోంది. ఈ బొమ్మ ఒక్కటే చూసి చెప్పడం లేదు. సైజు, ఆకారం, మీ వయసు, బీపీ అన్నీ చూశాం. ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు. బీపీ అదుపులో పెట్టుకోండి, ఆరు నెలలకి మళ్లీ స్కాన్ తీద్దాం."

సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చేశాను. మా ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి చాలాసేపు చదివారు. అది పోయిన నెలది.

తిరుగుదారిలో చెరువులు మొదలయ్యేసరికి నా నోరు లేచింది.

"అంత పెద్ద డాక్టరుగారి దగ్గర ఏరేటర్ ఏంటండీ? నా తలలో పెట్టిద్దామనుకున్నారా? తవుడంట, తవుడు!"

కైకలూరు వచ్చేదాకా వదల్లేదు. ఆఖరికి ఆయన స్టీరింగ్ మీద చేత్తో ఒక్కటి కొట్టారు.

"ఇంక ఆపవే తల్లీ! నీ గోలకి నా తల పగిలిపోతోంది!"

అనేసి నాలుక్కరుచుకున్నారు. కారు పక్కకి తీసి ఆపేశారు. నా మొహం వైపు చూడ్డానికే భయపడుతున్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏదీ, ఇంకోసారి తిట్టండి" అన్నాను.