బ్యాటరీ కాదు, ఆల్టర్నేటర్

మా ఫిజిక్స్ మేడమ్ పోయారని పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి నేను మౌలాలిలో మా కాలేజీ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా విప్పుతున్నాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చిపడ్డాయి. ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తనివాళ్లవి కూడా అందులో ఉన్నాయి. డబ్బా మూసేసి తార్నాకలో మేడమ్ ఇంటికి బయలుదేరాను.

ఆమె మాకు యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెప్పారు. చేరినప్పుడు కాంట్రాక్టు లెక్చరర్, పోయేనాటికీ కాంట్రాక్టు లెక్చరరే. వేసవి సెలవుల్లో జీతం ఉండేది కాదు. పర్మనెంట్ వాళ్లకుండే హెల్త్ కార్డూ లేదు. కిడ్నీలు పాడవుతున్నాయని తెలిశాక కూడా "ఈ సెమిస్టర్ అయినంక చూపించుకుంట" అంటూ పరీక్షలు వాయిదా వేశారు. ఒక సెమిస్టర్ అయ్యాక ఇంకోటి వచ్చేది. సెలవు పెడితే ఆ క్లాసులు ఇంకెవరికో ఇస్తారని ఆమె భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు.

పోయినవాళ్లందరినీ సౌమ్యులనే అంటాం. మేడమ్ సౌమ్యురాలు కాదు. రికార్డులో ఎవరైనా 'సుమారుగా' అని రాస్తే పుస్తకం వెనక్కి తోసేవారు. "సుమారుగా అంటే ఏంది? మీటర్ చూసినవా, చూడలేదా?" అనేవారు. నేను ఆ మాట పడ్డాను. ఇప్పుడు మా పిల్లలను అదే మాట అంటున్నాను. కోపం ఎంత తొందరగా వచ్చేదో, మనం మళ్లీ రీడింగ్ తీసుకుని చూపిస్తే అంత తొందరగా పోయేది. అప్పుడు తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి చేతిలో పెట్టేవారు.

ఎవరో అమ్ముకుంటే కొన్న పాత కారొకటి ఉండేది ఆమెకు. చీటికిమాటికి ఆగేది. మెకానిక్ ప్రతిసారీ బ్యాటరీ మార్చాలనేవాడు. ఆడమనిషికి ఏం తెలుసులే అని అతని ధీమా. ఒకసారి డిపార్టుమెంటు ముందే ఆగితే మమ్మల్నందరినీ ల్యాబులోంచి కిందికి పిలిచి, బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్యాగులోంచి మల్టీమీటర్ తీశారు.

"ఇంజన్ బంద్ ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టుల దగ్గర ఉండాలె. స్టార్ట్ చేసినంక పద్నాలుగు దాకా ఎక్కాలె. ఎక్కితే ఆల్టర్నేటర్ మంచిగున్నట్టు, బ్యాటరీని అనుమానించాలె. ఎక్కకపోతే చార్జింగే అయితలేదు. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా గదే కథ."

ఎవరో తేడా ఇంకా అర్థం కాలేదన్నారు. మేడమ్ విసుక్కోలేదు.

"బ్యాటరీ దాచుకునేది. ఆల్టర్నేటర్ సంపాదించేది. సంపాదన బందైతే, దాచుకున్నది ఎన్నాళ్లు వస్తది?"

ఆ రోజు మేమందరం నవ్వాం.

పర్మనెంట్ పోస్టుకు ఇంటర్వ్యూ ఉన్న రోజు పొద్దున నేను ల్యాబులోనే ఉన్నాను. మేడమ్ ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని బయలుదేరుతున్నారు. కింద మా హెడ్ సార్ కారు స్టార్ట్ కావడం లేదు. ఆయన ఆ సెలక్షన్ కమిటీలో ఉన్నారు. పరిపాలనా భవనం క్యాంపస్‌లో అటు చివర.

"సార్, నా బండిలో రండి. నేను గాడికే పోతున్న" అన్నారు మేడమ్.

ఆయన అటూ ఇటూ చూశారు. "వద్దమ్మా. మీరు క్యాండిడేట్, నేను కమిటీ. ఇద్దరం ఒకే కారులో దిగితే బాగుండదు."

మేడమ్ తన కారును ఆయన కారుకు ఎదురుగా తెచ్చి, డిక్కీలోంచి కేబుళ్లు తీశారు. నన్ను తన సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ కొంచెం నొక్కి ఉంచమన్నారు. కాసేపటికి సార్ కారు స్టార్టయింది. మేడమ్ కేబుళ్లు తీసి, ఆయన బ్యాటరీకి మీటర్ పెట్టి చూశారు. ముల్లు ఎక్కలేదు. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తున్న ఎర్ర లైటు ఆరలేదు.

"బ్యాటరీ పోయినట్టుంది. సాయంత్రం కొత్తది వేయిస్తాను" అన్నారు సార్.

"బ్యాటరీ కాదు సార్, ఆల్టర్నేటర్. చార్జింగ్ అయితలేదు. బ్యాటరీ మారిస్తే అది కూడా దిగిపోతది. ఇప్పుడైతే ఏసీ పెట్టొద్దు, మధ్యలో ఇంజన్ బంద్ చేయొద్దు. గంత దూరం పోతది."

కాసేపు చార్జ్ కావాలని మళ్లీ కేబుళ్లు తగిలించి, ఇంకొంచెంసేపు ఆగి, ఆయన్ను ముందు పంపించారు. ఆ తర్వాత నల్లా దగ్గర చేతులు కడుక్కున్నారు. నేత చీర కుచ్చిళ్ల మీద నల్లటి మరక పడింది. తడిగుడ్డతో తుడిచాను, ఇంకా పెద్దదైంది. "ఇడిచిపెట్టు, చీరను కాదు కదా చూసేది" అని వెళ్లిపోయారు.

పోస్టు ఇంకొకరికి వచ్చింది. పబ్లికేషన్లు తక్కువని అన్నారట. వారమంతా ఒకరే మూడు ల్యాబులు చూసుకునే మనిషి పేపర్లు ఎప్పుడు రాయాలో కమిటీ చెప్పలేదు. హెడ్ సార్ కొత్త బ్యాటరీ వేయించుకున్నారు. కొన్నాళ్లకు కుటుంబంతో వస్తుంటే మెట్టుగూడలో కారు ఆగిపోయింది. ఆల్టర్నేటర్ మార్చాక గాని అది బాగుపడలేదు. ఆ సంగతి ఆయన డ్రైవర్ చెబితే మాకు తెలిసింది. మేడమ్‌కు చెబితే, "మరి మీటర్ అబద్ధం చెప్తదా" అని ల్యాబులోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంకో ఇంటర్వ్యూ జరగనే లేదు.

డిపార్టుమెంటులో సంతాప సభ పెట్టారు. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీ, అందులో మేడమ్ ఫొటో, కింద పేరుకు ముందు 'ప్రొఫెసర్'. కాచిగూడ నుంచి వచ్చిన మేడమ్ చెల్లెలు నా పక్కన కూర్చుని, దాన్నే చాలాసేపు చూసింది.

"మా అక్కకు ఇది ఎప్పుడిచ్చిన్రమ్మా?" అని అడిగింది.



రిటైరైన హెడ్ సార్ మాట్లాడారు. మేడమ్ సేవాగుణం గురించి చెబుతూ ఆనాటి కారు సంగతి ఎత్తారు. "ఇంటర్వ్యూ పెట్టుకుని కూడా నా కోసం ఆగింది. బ్యాటరీ మార్చుకోండి సార్ అని మంచి సలహా ఇచ్చింది. అటువంటి మనసు" అన్నారు. సభలో కొందరు తలలూపారు.

నేను లేచి నిలబడ్డాను.

"సార్, మేడమ్ బ్యాటరీ అనలేదు. బ్యాటరీ అన్నది మీరు. ఆమె ఆల్టర్నేటర్ అన్నారు."

ఆయన నొచ్చుకోలేదు. చిన్నపిల్లను చూసినట్టు చూసి నవ్వారు. "ఏదో ఒకటిలేమ్మా. ఇప్పుడు అదా ముఖ్యం?"

"ఆమెకు అదే ముఖ్యం సార్" అన్నాను.

ఎవరో నా చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. తర్వాతి వక్తను పిలిచారు. ఆమె మనసు గురించి ఇంకా చాలామంది మాట్లాడారు. ఆమె చదువు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడం అందుకే. ఒక లోపాన్ని ఇంకో లోపం నుంచి వేరుచేసి చూడటం నాకు ఆమె నేర్పారు. నా అన్నం నేను తింటున్నది ఆ నేర్పుతోనే.

పోయిన వారం వానలో క్యాంపస్ మీదుగా వస్తూ గేటు పక్కన టీ బండి దగ్గర ఆగాను. బండి మీద కప్పిన ఫ్లెక్సీ కిందికి వెళ్లి నిలబడ్డాను. గ్లాసు అందుకుని తలెత్తితే, లోపలివైపు మేడమ్ ముఖం ఉంది. కర్ర గుచ్చుకున్నచోట 'ప్రొఫెసర్' మధ్యకు చిరిగింది. ఆ చిరుగులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మా డిపార్టుమెంటు పిల్లలు ఇద్దరు ఫ్లెక్సీ కింద ఓ పక్కన నిలబడి, రికార్డులు తడవకుండా చున్నీల్లో చుట్టుకుని, టీ ఊదుకుంటూ తాగుతున్నారు.