ఆగయ్య విన్న ఆఖరి పాట

సూరత్‌లోని ఖటోదరాలో పాత షటిల్ మగ్గాల షెడ్లు ఇంకా నాలుగైదు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఆగయ్య మిస్త్రీ. ఆయన చెయ్యి పడితే సచ్చిన మగ్గం కూడా లేచి కూర్చుని చాయ్ అడుగుతుందని చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేవాళ్లంటే ముఖ్యంగా ఆగయ్యే. పద్దెనిమిదేళ్ల వయసులో సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ రైలెక్కితే, దారిలో ఇంజను మొరాయించిందనీ, తానే దిగి బాగుచేశాననీ, డ్రైవరు తన కాళ్లు మొక్కాడనీ ఇప్పటికీ చెబుతాడు. కాదనడానికి సాక్షులు లేరు. ఆ రైల్లో వచ్చినవాళ్లలో సగం మంది పోయారు, మిగతా సగం మందికి ఆయన చెప్పేది వినపడదు.

నవ్వొచ్చినా అది నిజమే. ముప్పై నాలుగేళ్లు షటిల్ మగ్గాల మధ్య నిలబడినవాడికి చెవులు మిగలవు. ఆగయ్య ఎడమ చెవి అయిదేళ్ల కిందటే పోయింది. కుడి చెవి కొడిగట్టిన దీపంలా మినుకుమినుకుమంటోంది. ఈ సంగతి ఇద్దరికే తెలుసు: భార్య వెంకటవ్వకు, చెవుల డాక్టరుకు.

మిగతావాళ్లకు తెలియకూడదు. తెలిస్తే మిస్త్రీ పని పోతుంది. పోయిన దీపావళి ముందు పక్క షెడ్డులో ఒకతను మగ్గంలో చెయ్యి పెట్టి ఉండగా, ఎవరో మోటారు వేశారు. పది మంది అరిచారు, అతనికి వినపడలేదు, చెయ్యి పోయింది. అప్పటి నుంచి ఇక్కడి సేఠ్ ఒకటే మాట పెట్టాడు: చెవుడున్నవాడు మగ్గం ముట్టకూడదు. ముట్టకుండా చూసే పని సూపర్‌వైజర్ వినోద్‌ది. ఆ వినోద్‌కు మగ్గం పని నేర్పింది ఆగయ్యే.

షెడ్డులో దాచడం కష్టం కాదు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి అందరూ పెదాలతో, చేతులతోనే మాట్లాడుకుంటారు. మగ్గం రోగం చెవితో పట్టలేని రోజు ఆగయ్య నుదురు తీసుకెళ్లి ఫ్రేముకు ఆనించేవాడు. చూసేవాళ్లు మిస్త్రీ మగ్గానికి మొక్కుతున్నాడనుకునేవాళ్లు. చిక్కంతా బయటే. దానికీ ఒక మందు కనిపెట్టాడు. వినాల్సిన అవసరం రాకూడదంటే మనమే మాట్లాడుతూ ఉండాలి. అలా ఆగయ్య కోతలు ఏటేటా పొడుగయ్యాయి.

ఇట్లాంటి మనిషి బతుకులోకి ఈ చలికాలం అగ్గిమగ్గం బ్యాండు మళ్లీ వచ్చి పడింది.

అగ్గిమగ్గం సూరత్‌లోని మన తెలుగువాళ్ల బ్యాండు. పాతికేళ్ల కిందట ఓంప్రకాష్ అనే నేత కార్మికుడు సెకండ్‌హ్యాండు గిటార్ ఒకటి కొని, మరో ముగ్గుర్ని పోగేసి, మగ్గం దరువు మీద పాటలు కట్టాడు. లింబాయత్ గల్లీల్లో వినాయకుడి మండపం దగ్గర వాళ్లు వాయిస్తే వినాయకుడి తొండం ఊగిందంటారు. రెండువేల ఆరులో తాపీ నది పొంగి డ్రమ్ములూ డబ్బాలూ కొట్టుకుపోయాయి. ఓంప్రకాష్ ఆటో తోలాడు, డ్రమ్మర్ హజీరాలో కంపెనీ బస్సు నడిపాడు. ఇన్నేళ్ల తరువాత, నలుగురికీ తల నెరిశాక, మూడు ఆదివారాలు మూడు చోట్ల ఆడతామని గోడల మీద కాగితాలు అంటించారు.

ఆగయ్య ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. డాక్టరు చెప్పిన మాట గుర్తుంది: పెద్ద మోత దగ్గరికి పోవద్దు, ఉన్నది కూడా పోతుంది.

"మోత కాదది, పాట," అన్నాడు వెంకటవ్వతో.

"పాటనో మోతనో నీ చెవికేమెరుక?" అంది ఆమె.

మొదటి ఆట లింబాయత్‌లో. అరవైకి దగ్గర పడ్డ ఓంప్రకాష్ స్టేజీ మీద పోతరాజులా ఎగిరాడు. పక్క బిల్డింగు మీది నీళ్ల ట్యాంకు పగుళ్లిచ్చింది, పావురాలు మూడు రోజులు ఆ గల్లీకి రాలేదు, నమ్మకపోతే మీ ఇష్టం. ఆగయ్య పోయి స్పీకరు డబ్బాకు కుడి చెవి ఆనించి నిలబడ్డాడు. అక్కడైతేనే ఆయనకు పాట అందింది. ఇరవై ఏళ్ల కిందటి గొంతు, కొంచెం బొంగురుపోయి, నేరుగా పుర్రెలోకి దిగింది. ఆయన ఏడ్చాడు. రెండో ఆదివారం ఉధ్నా హాల్లోనూ అలాగే నిలబడ్డాడు. ఇంటికొచ్చాక చెవిలో ఈల మొదలైంది. తెల్లారినా ఆగలేదు. బుధవారానికి ఈల కూడా పోయింది. వంటింట్లో వెంకటవ్వ చేతిలోంచి ఇత్తడి చెంబు జారి బండల మీద దొర్లింది. ఆగయ్య తల తిప్పలేదు. ఆమె చెంబు తీయడం మరచి అక్కడే కూలబడింది.

అయినా మూడో ఆటకు పోయాడు. పర్వత్ పాటియా దగ్గర మైదానంలో డబ్బాకు రొమ్ము ఆనించి నిలబడ్డాడు. డ్రమ్ము ఎముకల్లోకి వచ్చింది. ఓంప్రకాష్ పెదాలను కళ్లు వదల్లేదు. ముప్పై నాలుగేళ్లు పెదాలు చదివిన మనిషి, పాటలన్నీ బట్టీ పట్టిన మనిషి. పెదవి కదిలితే చాలు, లోపల ఆ పాట దానంతటదే మోగింది. ఆఖరి పాట అయ్యేసరికి ఆయన లెక్కలో ఆయన అంతా విన్నట్టే.

మరుసటి ఆదివారం పొద్దున లింబాయత్‌లో కొమురవ్వ చాయ్ బండి దగ్గర ఎప్పటిలాగే అందరూ చేరారు. అదే షెడ్డులో మగ్గం నడిపే ఉమాకాంత్ వచ్చాడు. వినోద్ కూడా బండి ఆపి కూర్చున్నాడు. మాటంతా బ్యాండు గురించే.

"మొదటాట గురించి నువ్వేం చెప్తవ్ బావా," అన్నాడు ఉమాకాంత్. "గోడకు బల్లి లెక్క డబ్బకు అతుక్కపోతివి. మాకు నీ వీపే కనవడ్డది."

"బల్లి కాదురా, నాగుపాము. నేను పడగ విప్పితేనే ఓంప్రకాష్‌కు ఊపొచ్చింది."

"అవునన్నా," అంది కొమురవ్వ చాయ్ వడబోస్తూ. "నువ్వు లేకుంటె పాపం గిటార్ గూడ పట్టకపోవు."

అందరూ నవ్వారు. నవ్వులు కంటికి కనిపిస్తాయి కాబట్టి ఆగయ్య కూడా నవ్వాడు. ఆ ఊపులో చేతులు బార చాపాడు.

"అవన్ని ఒకెత్తు, మూడో ఆటల ఆఖరి పాట ఒకెత్తు. 'పోగు తెగితె అతుకేస్తం, పేగు తెగితె ఏమేస్తం' అని అందుకున్నడు సూడుర్రి! ఏం రాగం తీసిండు! గుండెల గుండు పడ్డట్టయింది. మైదానం అవతల కారు అద్దాలు గల్లుమన్నయ్, నా చెవులార విన్న."

కొమురవ్వ చేతిలో చాయ్ ధార ఆగిపోయింది. వినోద్ తల వంచి గ్లాసులోకి చూస్తూ ఏదో అన్నాడు. వంచిన తల పెదాలు ఆగయ్యకు కనిపించలేదు. వినోద్ అన్నది ఇది: "మామా, ఆఖరి పాటకు మైకు కాలిపోయింది గద?"

కాలిపోయిన మాట నిజం. మైదానమంతా చూసింది. పాట మొదట్లోనే గొంతు వచ్చే డబ్బాలు మూగబోయాయి, డ్రమ్ము వచ్చే డబ్బా ఒక్కటే మోగింది. ఓంప్రకాష్ మాత్రం పట్టుదలగా చేతులెత్తి చివరిదాకా పాడాడు. ఆ గొంతు ముందు వరసకు కూడా చేరలేదు.

ఉమాకాంత్ బల్ల కింద అరచెయ్యి కిందికి నొక్కాడు. మగ్గాల మధ్య ఆ సైగకు ఒకటే అర్థం, ఆపు. ఆగయ్య చూసుకోలేదు. ఆయన అందరి మొహాలూ చూస్తున్నాడు. ఆ మొహాలు నమ్మని మొహాల్లా ఉన్నాయి. కోతలు కోసేవాడికి అంతకన్నా అవమానం లేదు.

"ఏంది, అబద్ధమా? వినోదూ, నువ్వు ఫోన్ల తీసినవ్ గద. పెట్టు."

వినోద్ తలెత్తాడు. "వద్దు మామా. మళ్లెప్పుడన్న."

"పెట్టు రా! మిస్త్రీ మాటంటె ఏందో తెలుస్తది."

"చాయ్ సల్లారుతది బావా, తాగు," అన్నాడు ఉమాకాంత్, చెయ్యి పట్టి లాగుతూ. ఆగయ్య విదిలించుకున్నాడు.

వినోద్ ఫోను తీశాడు. డ్రమ్ము దడదడలాడింది. ఈలలు. ఎవరిదో కేక, "అరే మైక్ బంద్ హో గయా!" అంతకు మించి ఏమీ లేదు. తెర మీద మాత్రం ఓంప్రకాష్ నోరు కదులుతోంది. ఆగయ్య ఫోనులోకి వంగి, వేలు ఆడిస్తూ, మొహం వెలిగిపోతుండగా అన్నాడు:

"గిదే, గిదే చరణం! విన్నరా? ఇప్పుడు సూడు గొంతు పైకి లేస్తది... లేసిందా?"

ఉమాకాంత్ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "విన్న బావా. మస్తు పాడిండు."

"నేను గూడ ఇన్నన్నా," అంది కొమురవ్వ. అనేసి స్టవ్వు వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆగయ్య విజయగర్వంతో వినోద్ వైపు తిరిగాడు. వినోద్ ఆయన కళ్లలోకి చూడట్లేదు. చెవి వైపు చూస్తున్నాడు. ఆగయ్య చెయ్యి తన చెవి మీదికి పోయింది. చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

వెనకే ఇంటికొచ్చిన ఉమాకాంత్ మైకు సంగతి చెబితే వెంకటవ్వ అంతా విని, ఆగయ్య గదుమ పట్టుకుని తన మొహం వైపు తిప్పుకుంది. "నోరొక్కటి మూసుకుంటె బతికెటోనివి," అంది. తిట్టినట్టు లేదు ఆ మొహం.

సోమవారం ఉమాకాంత్ ఉపాయం చెప్పాడు. వినోద్ పరీక్ష పెడితే తాను ఎదుట ఉండి కనుబొమ్మ ఎగరేస్తాడు, బావ వెనక్కి తిరగాలి. అన్నట్టే జరిగింది. షెడ్డు బయట, మోత అందనిచోట వినోద్ వెనక నుంచి పిలిచాడు, "మామా." రెండోసారి పిలిచాడు. మూడోసారి ఉమాకాంత్ కనుబొమ్మ ఎగిరింది, ఆగయ్య తిరిగి "ఏంది వినోదూ?" అన్నాడు. వినోద్ ఆగయ్యను చూడలేదు, కనుబొమ్మను చూశాడు. లోపలికి వెళ్లిపోయాడు. ఉమాకాంత్ గండం గడిచిందనుకున్నాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల వేళ మోటార్లన్నీ ఆగాయి. ఆ షెడ్డులో నిశ్శబ్దం రోజుకు అరగంటే ఉంటుంది. నలభై మంది ఎక్కడివాళ్లక్కడ కూర్చుని అన్నం కలుపుకుంటున్నారు. వినోద్ ఆగయ్యను ఒక మూలకు తీసుకుపోయి, మిగతావాళ్ల వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. గొంతు బాగా తగ్గించాడు. మాట అందాలని మాత్రం పెదాలు పెద్దగా విప్పుతూ, ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు.

"మామా. రేపటి సంది ఘడీ బల్ల కాడ కూసో. బట్ట మడత వెట్టు. మగ్గం ముట్టకు. సేఠ్‌కు మోకాళ్ల నొప్పులని చెప్త. చెవి సంగతి ఎవ్వరికి తెల్వది."

ఘడీ బల్ల అంటే దిగిన బట్టను కొలిచి మడతపెట్టే చోటు. జీతం సగం. అయినా పరువు దక్కేది. మోకాళ్లు నొప్పి పుట్టిన మిస్త్రీ మిస్త్రీయే.

ఆగయ్యకు ఆ సాగిన నోరు ఒక్కటే కనిపించింది. నోరు అంతగా తెరిచాడంటే కేక పెడుతున్నట్టే. పదిమందిలో పరువు తీస్తున్నాడనుకున్నాడు.

"ఎందుకురా గట్ల ఒర్రుతవ్?" అని అరిచాడు. "షెడ్డంత ఇనవడ్తంది! చెవుడని డప్పు కొడ్తవా? పని నేర్పినందుకు గిదేనా?"

నలభై చేతులు అన్నంలో ఆగిపోయాయి. అప్పటిదాకా వాళ్లకు వినోద్ మాట ఒక్క ముక్కా వినపడలేదు. ఆగయ్య చుట్టూ చూశాడు, అన్ని మొహాలూ తన వైపే ఉన్నాయి. వినోద్ వైపు చూశాడు. వినోద్ మెడ నరాలు ఉబ్బి లేవు, మొహం ఎర్రబడలేదు, అరిచిన మనిషి గుర్తు ఒక్కటీ లేదు. మెల్లగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు మోకాళ్ల మాట సేఠ్‌కు చెప్పినా నమ్మేవాళ్లు లేరు.

మంగళవారం నుంచి ఆగయ్య ఘడీ బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్కడ పనిచేసే మంగ అనే అమ్మాయి, బ్యాండు ఎట్ల ఆడింది తాతా అని వెనక నుంచి అడిగింది. బట్ట మడత పడుతూనే ఉంది. ఆమె చుట్టూ తిరిగి వచ్చి, ఎదురుగా నిలబడి మళ్లీ అడిగింది.

ఆగయ్య బట్ట పక్కన పెట్టాడు. "మొదటాట సంగతి చెప్త సూడు," అన్నాడు. నీళ్ల ట్యాంకు ఈసారి రెండు ముక్కలైంది. రెండోదీ చెప్పాడు. మూడోదాని సంగతి ఆమె అడిగితే, ఆ రోజు తాను పోలేదన్నాడు.