డ్రాగన్ ఆవలించే దాకా

జీనులత్త నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా అనేది. అననీయండి, ఆ నోరే లేకపోతే ఈ కథే లేదు. ఆమె పని డ్రాగన్లకు జీనులు కుట్టడం. ముందు గది నిండా తోలు వాసన, గోడకు సుత్తులు, తోలుకు బెజ్జాలు పెట్టే ఆరెలు, మైనం పట్టించిన దారపు ఉండలు. కిటికీ దగ్గర రెండు పీటలుండేవి. ఒకటి ఆమెది. ఆమె తమ్ముడు కూర్చునే రెండోది మూడేళ్లుగా ఖాళీ.

అదెందుకు ఖాళీ అయిందో తెలియాలంటే ఆ ఊరి రాజు సంగతి కాస్త చెప్పాలి. ఆయన డ్రాగనెక్కి ఊరి మీదుగా పోతుంటే కిందివాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలి, లేచి తల వంచాలి. ఒంటికి సబ్బు రాసుకున్నవాడైనా సరే! ఓ రోజు తమ్ముడు "ఈ ఒక్క కుట్టు వేసి లేస్తా" అన్నాడు. కుట్టు వేసి లేచేసరికి భటులు గుమ్మంలో ఉన్నారు. అతన్ని కోట చెరసాలలో పడేశారు. తల్లి లేని అతని కూతురు అత్త దగ్గరే పెరిగింది.

రాజు మీద తిరగబడడానికి జనం కొండ వెనక ఆరు డ్రాగన్లను సిద్ధం చేస్తున్నారని తెలియగానే, ఆ పిల్ల అందరికంటే ముందు పేరిచ్చింది. అత్త మూడు రోజులు తిట్టింది, ఏడ్చింది, అలిగింది. నాలుగో రోజు ఆరె అందుకుని మేనకోడలికి జీను కుట్టడం మొదలుపెట్టింది.

"మీ నాన్నను తీసుకురావే, కాదనను. కానీ ముందు నువ్వు తిరిగి రా. నువ్వు కూడా పోతే నేనెవరి కోసం బతకాలి?"

పిల్లకు దొరికిన డ్రాగన్ పేరు బుంగ. పొట్ట కింద పట్టీ బిగించబోతే చాలు, ఊపిరి పీల్చి బుంగలా ఉబ్బేది. డ్రాగన్లన్నిటికీ ఉన్న బుద్ధే అది. ఉబ్బినప్పుడు బిగిస్తే పట్టీ గట్టిగానే ఉన్నట్టుంటుంది. పైకెగిరి ఊపిరి వదిలిందా, జీను వదులైపోతుంది. శిక్షణ మొదటి రోజే పిల్ల గబగబా బిగించి ఎగిరింది. మలుపు తిరగ్గానే జీను పొట్ట కిందికి జారింది, పిల్ల గడ్డివాములో తలకిందులుగా తేలింది. శిక్షణ ఇచ్చే మాస్టారు నవ్వలేక చచ్చాడు.

"చూడు, ఇలా బిగించాలి" అని అత్త పట్టీ పట్టుకుని బుంగ చెవి దగ్గర కబుర్లు మొదలుపెట్టింది. "పక్కింటి కుండలాయన గొడుగు పోయిందా... ఆవిడేమో కొక్కేనికి తగిలించానంటుంది, ఈయనేమో ఆ కొక్కెం మొన్నే ఊడిందంటాడు..."

"అబ్బా అత్తా! నీ సోది వింటే డ్రాగన్‌కైనా ఆవలింత వస్తుంది!"

"రావాలనేగా నా తాపత్రయం!"

అన్నట్టే బుంగ నోరు బార్లా తెరిచి ఆవలించింది. ఊపిరంతా బయటికొచ్చింది. అత్త లటుక్కున పట్టీ లాగి, కిందికి రెండు వేళ్లు దూర్చి చూసింది. అంతకంటే ఎక్కువ సందు ఉండకూడదు. ఆర్నెల్లు రోజూ ఇదే తంతు. గొడుగు దొరికిందో లేదో మాత్రం ఎవరూ వినలేదు, బుంగ సగంలోనే ఆవలించేది మరి.

యుద్ధం రోజు పొద్దున్నే కోట మీద రాజుగారి డ్రాగన్లు నలభై లేచాయి, అన్నిటికంటే ముందు ఆయనెక్కిందే. మాస్టారు "ఎక్కండి! ఎక్కండి!" అని అరుస్తున్నాడు. అత్త పట్టీ పట్టుకుని బుంగ పక్కన నిలబడింది. జన్మలో మొదటిసారి ఆమెకు ఒక్క మాట రాలేదు. ఈ పట్టీ బిగిస్తే పిల్ల వెళ్లిపోతుంది. బిగించకపోతే పడిపోతుంది. కబుర్లు వినపడక బుంగ ఇంకా ఉబ్బింది.

"వదిలెయ్, అలాగే ఎక్కెయ్!" అన్నాడు మాస్టారు.

"ఆగండి మాస్టారూ!" అంది పిల్ల. అత్త చేతుల మీద తన చేతులు వేసి, బుంగ చెవి దగ్గరికి వంగింది. "పక్కింటి కుండలాయన గొడుగు పోయిందా... ఆవిడేమో కొక్కేనికి తగిలించానంటుంది..." పొల్లు పోకుండా, అత్త సాగదీసినట్టే సాగదీసింది. మిగతా అయిదు డ్రాగన్లూ చెవులు రిక్కించాయి. కొక్కెం ఊడిన దగ్గరికి రాగానే ఆరూ వరసగా ఆవలించాయి. ఆరు పట్టీలూ బిగిశాయి.

రాజుగారి డ్రాగన్ల శాలలో మాట్లాడితే కొరడా దెబ్బలే. ఒక డప్పు దెబ్బకు జీను వేయాలి, రెండో దెబ్బకు ఉబ్బిన పొట్ట మీదే బిగించాలి, మూడో దెబ్బకు ఎక్కాలి. ఊరేగడానికి అది సరిపోయింది. యుద్ధంలో మలుపులు తిరగాలి కదా! మన ఆరుగురూ చటుక్కున పక్కకు తిరిగారు, తరుముతూ ఆ నలభై కూడా తిరిగాయి. అంతే, జీనులన్నీ పొట్టల కిందికి జారాయి. భటులు పట్టీలు పట్టుకుని వేలాడుతూ అమ్మా నాన్నా అని అరిచారు. ఆ గోల భరించలేక డ్రాగన్లు కోట వెనక పేడగుంటలో దిగాయి. అందులో మొదట దిగింది రాజుగారే. ఊరంతా చూసింది, ఒక్కరూ తల వంచలేదు.

బుంగ తిరిగొచ్చేసరికి అత్త పరుగున వెళ్లి పట్టీ కింద వేళ్లు దూర్చింది. సరిగ్గా రెండే.

"అత్తా, ముందు నన్ను చూడవే!"

అప్పుడు చూసింది. చూసి, పిల్లను పట్టుకుని బావురుమంది.

సాయంత్రానికి చెరసాల తలుపులు తెరిచారు. తమ్ముడు చిక్కి సగమయ్యాడు. నెమ్మదిగా వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. మూడేళ్లు మనిషి గొంతు వినని చీకటి కొట్టులో ఉన్నాడట.

"ఏదైనా చెప్పక్కా" అన్నాడు.

"ఏం చెప్పనురా... పక్కింటాయన గొడుగు పోయింది..."

"అత్తా, వద్దు!" అంది పిల్ల. గుమ్మంలో బుంగ అప్పుడే ఆవలించింది.

తమ్ముడు మాత్రం పీట ముందుకు జరుపుకున్నాడు. "నువ్వాగవే. మొదట్నుంచి చెప్పక్కా, ఏదీ వదలకు."

అత్త కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. ఆ గొడుగు కథ ఆ రోజు తొలిసారి చివరిదాకా వెళ్లింది.