బంగారు పిన్ను వైరు

ఆ రోజుల్లో రాజమండ్రి మొత్తమ్మీద నా అంతటి శబ్దశాస్త్రవేత్త లేడని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయ్యాక టేప్ రికార్డర్ల కొట్టులో చేరి నెల తిరక్కుండానే, స్పీకరు వైర్లు రెండు చేత పట్టుకుని, "ఇది మామూలుదండీ, ఇందులో పాట నడిచొస్తుంది. ఇదేమో బంగారు పిన్నుది, ఇందులో కారెక్కి వస్తుంది" అనేవాణ్ని. (దాని లావు చూస్తే గోదావరిలో పడవలన్నిటినీ ఒక్క వైరుకే కట్టెయ్యొచ్చు.) తేడా నాకెన్నడూ వినబడలేదు గానీ, కొన్నవాళ్లందరికీ వినబడేది.

అప్పుడే ఆత్రేయపురం నుంచి మా మావయ్య వచ్చాడు. అత్తయ్య పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆవిడ తీసిన పూతరేకు కళ్లకడ్డం పెట్టుకుని పేపరు చదివేయొచ్చు, అంత పల్చన. టేప్ రికార్డరు కొన్న కొత్తలో, పని చేస్తోందో లేదో చూద్దామని ఆవిడ బోర్లించిన కుండ మీద రేకులు తీస్తుండగా పక్కన పెట్టి రికార్డు చేసిన క్యాసెట్టు ఒకటుంది; నేనూ విన్నదే, మాట వెనకాల ఒకటే చిటపట. ఆయనకి మిగిలిన ఆవిడ గొంతల్లా అదే.

"మీ అత్తయ్య మాట రావట్లేదురా. వైరు పోయిందేమో చూడు," అన్నాడు.

"మామూలు వైరేస్తే మాట వస్తుంది మావయ్యా, అంతే. వెనకాల ఆ చిటపట గోల పోవాలంటే మాత్రం బంగారు పిన్నే!" అని, కొట్టులోకెల్లా ఖరీదైన వైరు చుట్ట చంకన పెట్టుకుని ఆయనతోపాటే బస్సెక్కాను.

వైరు బిగించి మీట నొక్కాను. అత్తయ్య పలికింది. "ఆ డబ్బాతో నేనేం మాట్లాడతానండీ? ముందు ఆ ఆకులు ఎగదొయ్యండి, కుండ చల్లారిపోతోంది!"

ఆ వెంటనే చిటపట. ఇదివరకటి కంటే దర్జాగా! పిన్ను తిప్పాను, వైరు వంచాను, నోటితో ఊదాను, ఆఖరికి పీకెయ్యబోయాను. మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండరా. అది గోల కాదు, కొబ్బరాకులు అంటుకుంటున్నాయి." చెవి స్పీకరుకి ఆనించాడు. "నేనే ఎగదోశాను. ఎప్పుడూ చెప్పగానే లేచేవాణ్ని కాదు. ఆ రోజు లేచాను."

శబ్దశాస్త్రం మొత్తం పక్కన పెట్టి, క్యాసెట్టు వెనక్కి తిప్పి మళ్లీ మీట నొక్కాను.

ఇప్పుడు మావయ్యా లేడు. ఆ క్యాసెట్టులో మాటలు నా ఫోన్లో ఉన్నాయి, అసలు వైరే అక్కర్లేని స్పీకర్లోంచి వస్తాయి. విన్నప్పుడల్లా, వైరు పీకబోతున్న ఆ మేధావి కళ్లముందు కనబడి నవ్వొస్తుంది. ఫోను మాత్రం బుద్ధిమంతురాలిలా అడుగుతూనే ఉంటుంది, వెనకాల గోల తీసెయ్యమంటారా అని.

"వద్దండీ," అంటాను, "పొయ్యి మండుతోంది."