టోపీ తీసేలోపు

ఫిజీలో లీజు ముగిసి, వునిమోలి అనే తన ఊళ్ళో చెరకు పొలం ఖాళీ చేసి లౌటోకా పట్నం చేరిన అప్పలస్వామి, ఎండ వాలగానే శశి కంప్యూటర్ షాపులో, నిజమైన ఊళ్ళ మీదుగా ఎగిరే విమానం ఆట ముందు కూర్చుంటాడు. విమానం సముద్రం మీద కలలా తేలుతుంది. వునిమోలి రాగానే ఆ కొండలూ ఇళ్ళూ చెరకు తోటలూ ఒకేసారి గీయలేక పాత ప్రాసెసర్ ఆయాసపడుతుంది, బొమ్మ నిలిచిపోతుంది. ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళు టోపీ తీయాలన్నది ఫిజీ మర్యాద. ఆయన నెమ్మదిగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఊరు మళ్ళీ కదిలేదాకా చూస్తూ ఉంటాడు.

నిన్న శశి కొత్త ప్రాసెసర్ వేశాడు. విమానం ఎక్కడా ఆగకుండా జారిపోయింది. అప్పలస్వామి చెయ్యి టోపీని అందుకునేలోపే ఊరు వెనకబడింది.

"ఇప్పుడు ఫస్ట్ క్లాస్ కదా, కాకా?" అన్నాడు శశి.

"బాగుంది బేటా. పాతదయితే అక్కడ కాసేపు ఉండనిచ్చేది."