మీ దాంట్లో ఎక్కిందా?

కేశవరావు గారికి ఉన్న జబ్బు ఒక్కటే. లాప్‌టాప్ ఉన్న మనిషి కనబడితే చాలు, "మీ దాంట్లో ఎక్కిందా?" అని అడుగుతారు. పళ్ల డాక్టరు నోట్లో పరికరం పెట్టేలోపే అడిగేశారు. లైట్ రైల్లో పక్క సీటులో కూర్చున్న పాపానికి ఓ తెల్లాయన దిగాల్సిన స్టాపు దాటిపోయాడు.

ఎక్కాల్సింది ఆయన రాసిన మాడ్యూల్. వంతెనల బరువు లెక్కలు కట్టే ఆ ప్రోగ్రాం ముక్కను, రిటైరయ్యాక, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇంటర్నెట్‌లో పెట్టేశారు. కెనడాలో ఆయన ఉండే వాటర్లూ ఊరి కాలేజీలో పాఠాలకు అదే వాడుతున్నారు. ఆ ఏడాది వాటర్లూలో ఏ బస్సెక్కినా చదువుకోడానికొచ్చిన తెలుగు పిల్లలే. ఆదివారం వాళ్లను ఆయన భోజనానికి పిలిచేవారు. పిలవడం భోజనానికే గానీ, విండోస్ అయినా మ్యాక్ అయినా లినక్స్ అయినా, మాడ్యూల్ ఎక్కేదాకా కంచం పెట్టనిచ్చేవారు కాదు. శాంత గారి సాంబారు ఆ ఇంట్లో వేడిగా తిన్నవాళ్లు లేరు.

"మైక్రోవేవ్ అరిగిపోతోందండీ," అనేవారావిడ.

"ఒక్క నిమిషం శాంతా, ఎక్కేస్తోంది," అనేవారు ఆయన.

కొత్త లాప్‌టాప్‌లంటే ఆయనకు మహా చిన్నచూపు. ఓ ఆదివారం తారక్ అనే కుర్రాడు తళతళలాడే మ్యాక్ బయటికి తీస్తే, "దాంట్లో ఏదైనా ఎక్కుతుందయ్యా, లోపల పెట్టు," అన్నారు. తారక్ మొహం మాడిపోయింది.

ఆ పక్కనే సాత్విక బ్యాగు జిప్ తీయకుండా కూర్చుంది. తారక్ క్లాసే. సిరిసిల్లలో వాళ్ల నాన్న కొమరయ్యకు జిరాక్స్ షాపు. అక్కడ వాడి వాడి అరిగిన లాప్‌టాప్‌నే కూతురికిచ్చి పంపాడు. మూత ఊడకుండా టేపు చుట్టి ఉంటుంది. మాడ్యూల్ దాంట్లో ఎక్కడం లేదు. శుక్రవారం క్లాసులో ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లు ఆ మాడ్యూల్‌తో చేసిన ప్రాజెక్టు నడిపి చూపించాలి. లేకపోతే కోర్సు పోయినట్టే. సిగ్గుపడి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నీ దాంట్లో ఎక్కిందా అమ్మా?"

"లేదంకుల్," అంది నేల చూపులు చూస్తూ.

"ఎక్కలేదా!" కేశవరావు గారి మొహం వెలిగిపోయింది. "శాంతా! ఈ అమ్మాయి దాంట్లో ఎక్కలేదట!"

టేపు చుట్టిన ఆ లాప్‌టాప్‌ను రెండు చేతులా అందుకుని, సోఫాలో దిండేసి మరీ కూర్చోబెట్టారు. "అబ్బ, ఎంత చెత్త లాప్‌టాపమ్మా! ఇలాంటిదాని కోసమే చూస్తున్నా."

సాత్వికకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సాంబారు రెండోసారి వేడయ్యేసరికి కారణం దొరికింది. లాప్‌టాప్ కొన్న రోజున, వాడేవాళ్ల పేరేమిటని అది అడిగితే, కొమరయ్య తన పేరు ముచ్చటపడి తెలుగులో టైపు చేసుకున్నాడు. ఫైళ్లన్నీ 'కొమరయ్య' అనే ఫోల్డర్లోనే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకే అలవాటుపడ్డ మాడ్యూల్ ఆ పేరు చదవలేక గుమ్మంలోనే ఆగిపోతోంది.

"సింపుల్ అంకుల్," అన్నాడు తారక్. "ఇంగ్లీష్‌లో ఇంకో అకౌంట్ క్రియేట్ చేస్తే అయిపోతది."

"లేదా మీ కొత్త లాప్‌టాప్ ఇవ్వండి. పైన ఊరికే పడుంది," అన్నారు శాంత గారు.

కేశవరావు గారికి కోపం వచ్చింది. "ఆయన పేరు ఆయన రాసుకున్నాడు, అందులో తప్పేముంది? చదవలేకపోయింది నా మాడ్యూలు. మారితే అదే మారాలి."

"కానీ అంకుల్, ఫ్రైడేనే డెమో," అంది సాత్విక భయంగా.

"ఆలోపు చేసిస్తానమ్మా. అకౌంట్ మారిస్తే నీ ఒక్కదాని పని అవుతుంది. రేపు ఇంకొకడొచ్చి, సిగ్గుపడి, బ్యాగు జిప్ తీయకుండా కూర్చుంటాడు. వాడి సంగతేంటి?"

సాత్విక తలెత్తి చూసింది. జిప్ సంగతి ఆయన ఎప్పుడో గమనించారు. ఎక్కలేదని ఎవరూ తమంతట తాము చెప్పుకోరు కాబట్టే, ఈ పెద్దాయన కనబడినవాళ్లందరినీ అడుగుతూ తిరుగుతున్నారు. అది అర్థమయ్యాక, చల్లారిన సాంబారు కూడా ఆమెకు కమ్మగా ఉంది.

గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "మళ్లీ ఎక్కించి చూడమ్మా."

ఎక్కింది. శుక్రవారం క్లాసులో ప్రాజెక్టు చక్కగా నడిచింది. తెర మీద తెలుగులో ఏముందని ప్రొఫెసర్ అడిగితే, "మై ఫాదర్స్ నేమ్," అని అందరికీ వినబడేలా చెప్పింది.

తరువాతి టర్మ్‌లో సాత్విక తన జూనియర్ జస్లీన్‌ను భోజనానికి తీసుకొచ్చింది. ఆ పిల్ల లాప్‌టాప్‌లో వాళ్ల తాతగారి పేరు పంజాబీ లిపిలో ఉంది. పైగా కీబోర్డులో సగం అక్షరాలు చెరిగిపోయాయి. కేశవరావు గారు ఆశగా చేతులు రుద్దుకుని, కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"డన్, అంకుల్," అంది జస్లీన్.

"అప్పుడే ఎక్కేసిందా?" పాపం, ఆయన మొహం వాడిపోయింది. కాసేపు అటూ ఇటూ చూసి, "సరే, కంచాలు పెట్టు శాంతా," అన్నారు.

వంటింట్లోంచి శాంత గారు కంగారుగా కేకేశారు. "అయ్యో, ఉండండి! ఇంకా కుక్కర్ విజిలే రాలేదు!"