రాజక్క మొదటి దోసిలి

ఇన్నేండ్లు నన్ను బొగ్గు బాయిలకు తీస్కపోయి మళ్ల పైకి తెచ్చిన నా టోపీ దీపం మీద ఒట్టు. ఇందుల ప్రతి మాట నిజం.

గోదావరిఖనిల నా మాట నమ్మేటోళ్లు తక్కువ. బొగ్గు పొరల కోడికూత విన్నానని షిఫ్టు మొత్తాన్ని నమ్మించినోన్ని. కానీ ఇది కత కాదు. ఆరేండ్లసంది ఛాతీ మీద బండ. నీకు తప్ప ఎవరికీ చెప్పలె.

ఊర్ల నా మడి పక్కనే రాజక్క మడి. కొద్దిగ చౌడు. అయినా ఏటా పచ్చిరొట్టకు జీలుగ ఇత్తనం అలికి కలియదున్ని, పశువుల పెంట తోలి, యూరియా కొంచెం కొంచెం తడవలుగ జల్లి, మా అందరికంటే మంచిగ పండించేది. అందుకే ఆమె చెయ్యి మంచిదని, ఎవరు నారు పోసినా మొదటి దోసిలి వడ్లు ఆమె చేతనే అలికించేటోళ్లు.

ఒక ఎండకాలం ఆమె మడిల నాలుగు దిక్కుల తవ్వి, మట్టి కలిపి, బట్ట సంచిల కట్టి, నన్ను పెద్దపల్లిల ఎవుసం ఆఫీసుల పరీక్షకు ఇచ్చి రమ్మన్నది. బస్సుల సంచి చినిగింది. మట్టంత కాళ్ల కింద పోయింది. మళ్ల ఊరికి ఎవడు పోవాలె? ఆఫీసు ముందటి పూలమొక్కల కాడ మట్టి తీసి, కవర్ల పోసి, ఆమె పేరు రాసిచ్చిన.

మట్టి పరీక్ష కార్డు వచ్చింది. నేల బాగున్నది, ఉప్పు లేదు.

"మరి పైన తెల్లగ తేలేది ఏంది తమ్మీ?" అన్నది రాజక్క.

"కరెంటు ప్లాంటు బూడిద అక్కా. గాలికి వచ్చి పడుతది."

నవ్వింది. నమ్మింది. ఉప్పు లేదు గదాని ఆ ఏడు జీలుగ అలకలె. పెంట నన్నే తోలుకొమ్మన్నది. తోలుకున్న. ఆమె మాత్రం సంచుల మందే వేసింది, యూరియా, పొటాష్, నిండుగ, ఒక్కసారే. నాటిన కొన్ని దినాలకే ఆమె వరి ఆకుల కొసలు మాడినయ్. గట్టుకు ఇవతల నా వరి నల్లగ, ఏపుగ.

"మన్నుకు రోగం లేదు తమ్మీ. నా చెయ్యే పాడైంది" అన్నది.

అప్పుడన్న నోరు తెరవొచ్చు గద? దినమంత ఆగని నోరు. తెరవలె. మరుసటేడు నుంచి ఎవరు పిలిచినా ఆమె మొదటి దోసిలి అలకలె. చేతులు కొంగుల చుట్టుకొని గట్టు మీద నిలబడుతది. ఆమె మళ్ల జీలుగ అలుకుతున్నది, పంట మళ్ల వస్తున్నది. చెయ్యి మీద నమ్మకం మాత్రం రాలె. దాన్ని తీసింది నేను. ఏం పెట్టి తిరిగిస్త?

ఇగో, ఇంకొకటి. దీపం మీద ఒట్టేసి గూడ ఒకటి కల్పించిన. బస్సుల సంచి చినగలె. ఆ పొద్దు మాటలల్ల పడి సంచిని ఇంట్లనే మరిచిన. చినిగిందంటే నీకు కొంచెం జాలి పుడుతదనుకున్న. ఇప్పుడు చెప్పిన, ఊపిరి కొంచెం ఆడుతున్నది. సంచి ఇప్పటికీ మా క్వార్టరు తలుపు ఎనుకనే ఉన్నది. రాజక్క వేసిన ముడి అట్లనే ఉన్నది.